ఎర్ర అంచు దగ్గర ఆగాలి

గోపి నడుముకు తాడు నేనే కట్టి, ముడిని రెండుసార్లు గుంజి చూశాను.

"అవ్వా, బర్రెను కట్టేసినట్టు కడ్తున్నవేంది? ఊపిరి ఆడ్తలేదు."

"ఆడకుంటె ఇప్పుడే చెప్పు. దిగకు."

"దొరికింది సందు," అన్నాడు పడవ అవతలి అంచున కూర్చున్న పెద్దన్న మేస్త్రీ. "ఈరక్కకు గింత సాలు. మనుమని చెయ్యి పట్టుకొని గద్వాల బస్సు ఎక్కుతది."

"సముద్రం మీద బస్సు యాడికెల్లి వస్తది?" అన్నాడు గోపి.

"మీ అవ్వ ఏడిస్తె వస్తది."

నాకు నవ్వు రాలేదు. నీళ్ళనే చూస్తున్నాను. రోజూ అడుగు ఇసుక కనబడేంత తేటగా ఉండే సముద్రం ఆ పొద్దు కలి నీళ్ళలా ఉంది. ముందు రోజు పడ్డ వానకు లంక మీది మన్ను కొట్టుకొచ్చి కలిసింది.

"మసక మసక ఉంది. ఇయ్యాల మానుకోరాదా బిడ్డా," అన్నాను గోపితో కలిసి దిగబోతున్న తరన్నుమ్‌తో.

ఆమె వీపుకు సిలిండర్ తగిలించుకుంటూ, "కట్టిన పగడపు కొమ్మలు తొట్టిల ఉన్నయి అవ్వా. ఇంకో పూట ఆగవు, సస్తయి. ఒక్క చట్రం దించి వచ్చేస్తం," అంది.

అండమాన్‌లో ఒక చిన్న లంక పక్కన ఉన్నాం మేము. సునామీ వచ్చిపోయిన మూడో ఏడు. ఆ అల దెబ్బకు సముద్రం అడుగున పగడపు దిబ్బలు విరిగి ఇసుకలో కూరుకుపోయాయి. పగడం రాయి అనుకునేదాన్ని నేను. కాదు, ప్రాణమున్నదే. విరిగిన కొమ్మల్లో బతికి ఉన్నవాటిని ఏరి, సిమెంటు చట్రాలకు కట్టి మళ్ళీ అడుగున నిలబెడితే పెరుగుతాయని ఒక సంస్థవాళ్ళు అక్కడ పని మొదలుపెట్టారు. చట్రాలు పోయడానికి కూలీలు కావాలి. సిమెంటు పని ఎక్కడ ఉంటే అక్కడికి పాలమూరు వాళ్ళు పోవడం కొత్త కాదు. పాన్‌గల్ పెద్దన్న మేస్త్రీగా, గద్వాల నుంచి, నాగర్‌కర్నూల్ నుంచి ఒక ముఠా కలిసింది. వాళ్ళకు వండిపెట్టడానికి నేను వచ్చాను. వంట ఒక సాకు. గోపి వస్తున్నాడు, అందుకని వచ్చాను.

గోపి నా కూతురి కొడుకు. వాడు నడక నేర్చిన ఏడాదే వాడి తల్లి గద్వాలలో కూలీల లారీ ఎక్కి పుణె పోయింది. లారీ వెనక నిలబడి, ఒక చేత్తో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఇంకో చేత్తో నన్ను లోపలికి పొమ్మని సైగ చేసింది. జ్వరమొచ్చి పోయిందని తరువాత కబురు వచ్చింది. మనిషి రాలేదు.

అంతకు ముందు వాడి తాత. కృష్ణా నదిలో పుట్టి, అంటే గుండ్రటి తెప్ప, నడిపే ఇల్లు మాది. నదిలో ఎవరు మునిగినా మా గడపకే వచ్చేవారు. ఒక వరదలో, మునిగిన మనిషిని తీయడానికి ఆయన దిగాడు. ఆయన తమ్ముడు పుట్టిలో తాడు పట్టాడు, నేను గట్టు మీద నిలబడ్డాను. తాడు పైకి తేలికగా వచ్చింది. నడుము ముడి వేసినది వేసినట్టే ఉంది, అందులో మనిషి లేడు. ఆ ఖాళీ ముడి నేను చేత్తో పట్టుకుని చూశాను. ఇప్పటికీ బావిలో బొక్కెన తేలికగా వస్తే తాడు వదిలేస్తాను.

అయినా మా ఇంట్లో నీళ్ళలోకి దిగడం ఆగలేదు. తాడు కట్టడమూ ఆగలేదు. దిగినవాడి తాడు ఇంటి మనిషే పట్టాలి, బయటివాళ్ళ చేతికి ఇవ్వరు. పైన ఉన్నవాళ్ళు మధ్య మధ్య ఆ తాడును బిగువుగా పట్టి వేలి కణుపులతో తట్టాలి. ఆ తట్టు కిందివాడి నడుముకు తెలుస్తుంది. 'ఉన్నం' అని దాని అర్థం. కిందివాడు ఒకసారి గుంజితే 'బాగున్న' అని. మళ్ళీ మళ్ళీ గుంజితే ఇంక ఆలోచించకూడదు, ఉన్న బలమంతా పెట్టి పైకి లాగాలి. పుట్టింది మొదలు నేను విన్నది ఇదే.

తరన్నుమ్ వచ్చి, ఆ చివరి మాట ఒక్కటి తప్పు అంది.

తరన్నుమ్ వనపర్తిలో సైకిల్ షాపు గౌస్ పాషా కూతురు. చేపల చదువు చదివి, సముద్రంలో దిగడం నేర్చి, ఆ సంస్థలో పని చేస్తోంది. మా ముఠాను పిలిపించింది ఆమే. గోపి మొదటి రోజే ఒడ్డు దగ్గర మునిగి రాయి తెచ్చి చూపిస్తే, వీణ్ణి నాతోపాటు కిందికి దింపుతా, నేర్పిస్తా అంది. నేర్పేటప్పుడు మమ్మల్నందరినీ కూర్చోబెట్టింది.

"గోపీ, కృష్ణల ఎట్ల మునుగుతవ్?"

"ఊపిరి బిగబట్టి."

"గది మర్చిపో. వీపు మీద గాలి డబ్బా ఉన్నప్పుడు ఊపిరి బిగబట్టినవంటె సస్తవ్."

పెద్దన్న పక్కున నవ్వాడు. "నీళ్ళల్ల ఊపిరి ఇడిస్తె సస్తరు గని, బిగబడ్తె సస్తరా మేడం?"

ఆమె జాతరలో పిల్లలకు కొనిచ్చే రబ్బరు బుగ్గ ఒకటి తీసుకుని అడుగుకు పోయి, అక్కడ సిలిండర్ గాలి నింపి, మూతి కట్టి వదిలింది. అది పైకి వస్తూ వస్తూ ఉబ్బింది. మా కళ్ళ ముందుకు వచ్చేసరికి ఠప్పున పగిలింది.

"కింద నీళ్ళ బరువుకు గాలి నలిగి ఉంటది. పైకి వస్తుంటె పొంగుతది," అంది తరన్నుమ్ తల తుడుచుకుంటూ. "నోరు మూసుకొని పైకొస్తె, మీ రొమ్ముల ఊపిరి సంచులు కూడ గిట్లనే పగుల్తయి. అందుకే అవ్వా, తాడు ఎంత గుంజినా జోరుగ లాగొద్దు. నీళ్ళల్ల అన్నిటికన్న చిన్న గాలి బుగ్గ ఎంత మెల్లగ పైకొస్తదో, అంత మెల్లగ తియ్యాలె."

తాడుకు, నడుము ముడికి మూడు నిలువుల పైన, నా పాత గద్వాల చీర ఎర్ర అంచు ముక్క కట్టించింది. ఆ ముక్క చేతికి వచ్చినప్పుడు పూర్తిగా ఆపాలి. ఒంట్లో చేరిన గాలి సర్దుకునేదాకా మనిషిని అక్కడే నిలబెట్టాలి. ఆమె కింది నుంచి చెయ్యి ఊపితేనే మళ్ళీ తీయాలి.

గోపికి మిగతా పని అంతా తొందరగా వచ్చింది, ఊపిరి వదలడం తప్ప. కళ్ళకు పెట్టుకున్న అద్దంలోకి నీళ్ళు చేరినా, కాలికి ఏదైనా తగిలినా, చిన్నప్పటి నుంచి ఎరిగిన భయం వచ్చి నోరు బిగుసుకునేది. ఎప్పుడు బిగుసుకుందో వాడికే తెలిసేది కాదు. "వీనితోని కాదు అవ్వా," అంది తరన్నుమ్ ఒక రోజు. నాకు లోపల సంతోషమైంది. ఆమె మాత్రం వదల్లేదు.

"నోటితో ఏదన్న అనుకుంట రా. అంటున్నన్ని సేపు ఊపిరి బయటికి పోతనే ఉంటది."

"ఏమనాలె?"

"ఏదన్న. పేరు పిలువు."

"పెండ్లి కాలే, ఎవరి పేరు పిలుస్తడు," అన్నాడు పెద్దన్న. "ముసల్దాన్నే పిలువుమను."

అట్లా కుదిరింది. నోట్లో గొట్టం పెట్టుకుని వాడు 'అవ్వా' అంటే దూడ అరిచినట్టు ఉండేది, ముఠా అంతా పడీ పడీ నవ్వేది. కాని పని చేసింది. నేను తాడు తడితే వాడు ఒకసారి పిలవాలి. బుగ్గలు పైకి వస్తాయి. నేను చూస్తాను. అదీ మా ఒప్పందం.

ఆ పొద్దు వాళ్ళు దిగిన చోటు ఎప్పటికన్నా లోతు, ఏడెనిమిది నిలువులు ఉంటుంది. రెండు దిబ్బల నడుమ నీళ్ళు పారుతూ ఉన్న సందు. ముందు వాళ్ళిద్దరూ దిగారు. వెనకనే పెద్దన్న, పడవ నడిపే ఆయన కలిసి పగడపు కొమ్మలు కట్టిన సిమెంటు చట్రాన్ని వేరే మోకుతో మెల్లగా వదిలారు.

నా చేతిలో నుంచి తాడు జారిపోతూ ఉంది. ఎర్ర అంచు నీళ్ళలోకి పోయింది. నేను తట్టాను. రెండు చోట్ల బుగ్గలు వస్తున్నాయి, ఎడమవైపు తరన్నుమ్‌వి, కుడివైపు గోపివి. కుడివైపు ఒక గుంపు ఎక్కువగా వచ్చింది. పిలిచాడు. కాసేపాగి మళ్ళీ తట్టాను. మళ్ళీ పిలిచాడు.

"ఇంక జర తిను ఈరక్కా," అని పెద్దన్న అటుకుల పొట్లం చాపాడు. "పొద్దుగాల సంది గుటక మింగలే."

"వాడు వచ్చినంక తింట."

అప్పుడు పడవ ఒక్కసారి పక్కకు తిరిగింది. పెద్దన్న చేతిలో మోకు బిగుసుకుని, వెంటనే వదులైంది.

"ఏమైంది?"

"తెల్వదు. చట్రం తాకింది దేన్నో. ఒరిగినట్టున్నది."

నీళ్ళు కింది నుంచి ఇంకా మసకబారాయి. నేను కుడివైపే చూస్తున్నాను. బుగ్గలు లేవు.

తట్టాను. రాలేదు.

ఎడమవైపు బుగ్గలు జోరుగా, గజిబిజిగా వస్తున్నాయి. అవి కూడా జరిగి జరిగి కుడివైపుకు పోయాయి. అంటే తరన్నుమ్ వాడి దగ్గరికి పోయింది. అంతలో నా చేతిలో తాడు గుంజింది. ఒకసారి కాదు. గుంజి, ఆగకుండా మళ్ళీ గుంజి, మళ్ళీ గుంజింది.

"లాగు అక్కా," అని పెద్దన్న లేచి వచ్చాడు. "చూస్తవేంది, లాగు."

నా చేతులు అప్పటికే బిగుసుకున్నాయి. అరవై ఏళ్ళుగా ఎరిగిన పని అది. గుంజితే లాగాలి. లాగకపోతే వాడు అక్కడే ఉంటాడు. ఒక మూర తాడు పడవలోకి వచ్చేసింది కూడా. నేనే లాగానో, చేతులే లాగాయో చెప్పలేను. అప్పుడు ఆ బుగ్గ కళ్ళ ముందుకు వచ్చింది, ఉబ్బి ఉబ్బి పగిలిన రబ్బరు బుగ్గ. కుడివైపు నీళ్ళలో ఇంకా బుగ్గలు లేవు. వాడు నోరు మూసుకుని ఉన్నాడు. ఆ నోటితోనే పైకి తెమ్మంటున్నాడు.

నేను ఆగాను.

"ఈరక్కా, పిలగాడు సస్తుండు," అని పెద్దన్న నా చేతుల మీదుగా తాడు పట్టుకుని లాగబోయాడు. నాకంటే బలమైన మనిషి. నెట్టినా వదల్లేదు. వంగి పెద్దన్న మణికట్టు కొరికాను. పళ్ళకు ఉప్పగా తగిలింది. తాడు వదిలి వెనక్కి పడ్డాడు.

"పిచ్చి లేసిందా నీకు?"

"నోరు మూసుకొని ఉన్నడు లోపల. వాడు ఊపిరి ఇడుస్తలేడు. లాగితే సంపినట్టె."

"లాగకుంటె బతుకుతడా?"

తాడును బిగువుగా పట్టుకుని కణుపులతో తట్టాను. ఉన్నం. తట్టాను. గుంజడం ఇంకా జోరైంది. తాడు నా అరచేతిని కోస్తూ జారింది, మళ్ళీ బిగించాను. తట్టాను. పిలువురా. ఒక్కసారి పిలువు. నా నోటితో అంటున్నానో, మనసులో అంటున్నానో తెలియదు. కణుపుల తోలు లేచిపోయింది. తట్టాను.

గుంజడం ఆగింది.

తాడు ఉత్తగా ఉంది. తేలికగా ఉంది. ఆ తేలిక నాకు తెలుసు. నేను తట్టడం మాత్రం ఆపలేదు. ఆపితే అది నిజమైపోతుందని అనిపించింది.

కుడివైపు నీళ్ళు తెల్లగా పొంగాయి. ఒకటీ రెండూ కాదు, బొక్కెన బోర్లించినట్టు బుగ్గలు, గుంపులు గుంపులుగా. ఆగి, మళ్ళీ. ఆగి, మళ్ళీ. ఆ తరువాత తాడు ఒక్కసారి గుంజింది. ఒక్కసారే.

"తీస్తున్న," అన్నాను, ఎవరికి చెప్పానో.

చిన్న బుగ్గ ఎంత మెల్లగా వస్తుందో అంత మెల్లగా. నీళ్ళ మీద ఆవగింజంత బుగ్గను ఒకదాన్ని చూసుకుని, దాని వెంట తాడు తీశాను. అది పగిలితే ఇంకోదాన్ని. పెద్దన్న నా వెనక నిలబడి నా నడుము పట్టుకున్నాడు, పడవ ఊగుడుకు నేను పడిపోకుండా.

సగం తాడు వచ్చిందో లేదో, పడవ నడిపే ఆయన హిందీలో అరిచాడు. లంగరు ఊడింది. పడవ దిబ్బ వైపు కొట్టుకుపోతోంది. ముందర, రాళ్ళ మీద అల తెల్లగా విరుగుతోంది. ఆయన ఇంజను తాడు మీద చెయ్యి వేశాడు.

"వద్దు వద్దు," అన్నాను. "పెద్దన్నా, చెప్పు ఆయనకు. ఇంజను రెక్క నీళ్ళల్ల ఉన్నది, పిల్లలు దాని కిందికె వస్తుండ్రు."

పెద్దన్న ఆయన చెయ్యి మీద చెయ్యి పెట్టి ఆపాడు. ఇద్దరూ చెరొక తెడ్డు తీసుకున్నారు. పాన్‌గల్‌లో చేను దున్నిన మనిషి, తెడ్డు ఎప్పుడు పట్టాడు. నీళ్ళు నా మొహం మీద కొడుతూ, ఎవరినో తిడుతూ వేశాడు. పడవ ముందుకు పోవడం ఆగింది. వెనక్కి రాలేదు గాని, నిలబడింది.

ఎర్ర అంచు నా చేతికి వచ్చింది.

నీళ్ళలో రెండు నీడలు. ఒకదాని చెయ్యి ఇంకోదాని భుజం మీద ఉంది. తరన్నుమ్ అరచెయ్యి చాపి పైకి చూపింది. ఆగు. గోపి మొహం పైకి ఎత్తి ఉంది. వాడి అద్దంలో నా తల కనబడిందో లేదో. కృష్ణలో అయితే ఇంత దగ్గరికి వచ్చినవాణ్ణి జుట్టు పట్టి పుట్టిలోకి గుంజేవాళ్ళం. ఇంకో మూడు నిలువులు. రెండు చేతుల పని.

"ఇంకెంత సేపు అక్కా," అన్నాడు పెద్దన్న పళ్ళ సందు నుంచి. తెడ్డు ఊగుతోంది. "నా భుజం ఊడుతున్నది."

"ఆమె చెయ్యి ఊపినాక."

వాడి తల్లి లారీ మీద నుంచి లోపలికి పొమ్మంది, నేను పోలేదు, లారీ మలుపు తిరిగేదాకా నిలబడ్డాను. ఎంత చూసినా ఆ లారీ ఆగలేదు. వీడు మాత్రం ఇక్కడ నా చేతిలో ఆగి ఉన్నాడు. ఎర్ర అంచును పిడికిట్లో పట్టుకుని అట్లాగే కూర్చున్నాను. తట్టాను. బుగ్గలు వచ్చి నా వేళ్ళ దగ్గర పగిలాయి.

చివరికి ఆమె చెయ్యి కదిలింది.

వాడి తల నీళ్ళ పైకి వచ్చినప్పుడు ముక్కు నుంచి రక్తం కారుతోంది. పడవలోకి లాగితే బోర్లా పడి దగ్గాడు. తరన్నుమ్ వాడి రొమ్ము మీద చెవి పెట్టి విన్నది, మాట్లాడించింది, వేళ్ళు కదిలించమంది, కళ్ళలోకి చూసింది. తరువాత కూలబడి, తన మొహం చేతుల్లో పెట్టుకుంది.

"చట్రం ఒరిగి వాని గొట్టానికి తట్టింది," అంది తల ఎత్తి. "నోట్లెకెల్లి ఊడింది. నా దగ్గర ఇంకోటి ఉంటది కద, అది నోటికి పెట్టిన. దవడలు బిగబట్టిండు, తెరుస్తలేడు. పైకి ఉరుకుతుంటె కాళ్ళు పట్టుకొని ఏలాడిన. తాడు గుంజుతనే ఉన్నడు. మీరు పైనుంచి లాగితే నాతోని ఆగకపోతుండె అవ్వా."

"మరి నోరు ఎట్ల తెరిచిండు?"

ఆమె గోపిని చూసింది. వాడు నోరు తుడుచుకున్నాడు.

"తడ్తున్నవ్ కద," అన్నాడు, గొంతు పోయింది వాడికి. "తడితె పిలవాలె కద."

పెద్దన్న తన మణికట్టు ముందుకు చాపాడు. "నాకు సూది ఎయ్యుండ్రి ముందు. ముసల్దానికి ఉన్నయే నాలుగు పండ్లు, నాలుగూ దించింది."

ఒడ్డుకు చేరాక దవాఖానకు తీసుకుపోయి చూపించారు. చెవిలో పొర చిట్లింది, మిగతా అంతా బాగుందన్నారు. ఆ సాయంత్రం వాడికి గంజి పోస్తూ, "ఇంటికి పోదాం బిడ్డా," అన్నాను. పొద్దుటి నుంచి ఆ ఒక్క మాటే నోట్లో పెట్టుకుని తిరిగాను.

వాడు గంజి తాగి గిన్నె కింద పెట్టాడు.

"చట్రం పక్కకు ఒరిగింది అవ్వా. కొమ్మలు ఇసుకల మొహం పెట్టుకొని పడ్డయి. నిలబెట్టకుంటె సస్తయి."

"వాటికి నువ్వే దొరికినవా?"

"మేడం ఒక్కతె దిగుతది లేకుంటె."

ఒరిగిన చట్రాన్ని నిలబెట్టడానికి మరునాడు పోర్ట్ బ్లెయిర్ నుంచి వేరేవాళ్ళను పిలిపించింది తరన్నుమ్. గోపిని మాత్రం చెవి మానేదాకా నీళ్ళలోకి రానివ్వలేదు. మానిన తరువాత కూడా నడుము లోతు దాటనివ్వలేదు. గొట్టం నోటి నుంచి తీసేసి, నోరు బిగుసుకోకుండా మళ్ళీ పెట్టుకోవడం, అదే పని, పొద్దంతా. నేను ఒడ్డున తాడు పట్టుకుని కూర్చునేదాన్ని. అరచేతులు మానుతున్నాయి, తట్టడానికి ఎడమ చెయ్యి వాడేదాన్ని.

"ఈరక్కా, దూడ పిలుస్తుంది, పాలు విడువు," అనేవాడు పెద్దన్న తట్ట మోసుకుపోతూ.

మళ్ళీ పడవ ఎక్కిన పొద్దు నీళ్ళు తేటగా ఉన్నాయి. ముందు రోజే నేను ఎర్ర అంచును విప్పి, కొత్త దారంతో తాడుకు కుట్టాను. పెద్దన్న నాకు ఎదురుగా కాకుండా, దూరంగా కూర్చున్నాడు. తరన్నుమ్ దిగింది. గోపి అద్దం సర్దుకుని నన్ను చూశాడు.

"ముడి సూడవా?"

చూడలేదు. చెయ్యి ఊపాను, పొమ్మని.

తాడు జారింది. ఎర్ర అంచు నీళ్ళను తాకి, కిందికి పోయి, కనబడకుండా పోయింది. నేను తాడు బిగువు చేసి తట్టాను. బుగ్గలు వచ్చాయి. అవి పగిలేదాకా చూసి, మళ్ళీ తట్టడానికి చెయ్యి ఎత్తాను.